జైలు గోడల లోపల పది రోజుల మౌనం

1975లో జైపూర్ సెంట్రల్ జైలులో ఖైదీల కోసం విపశ్యన ధ్యాన శిబిరం పెట్టారు. బోధించడానికి వచ్చిన సత్యనారాయణ గోయెంకా ఎదుటికి కొందరు ఖైదీలను సంకెళ్లతో తీసుకొచ్చారు. వాళ్లు ప్రమాదకరమైన మనుషులని, సంకెళ్లు తీయడం క్షేమం కాదని అధికారుల భయం. సంకెళ్లలో ఉన్నవాళ్లకు విముక్తి గురించి ఎలా చెప్పగలనని గోయెంకా పట్టుబట్టారు. అప్పటి రాజస్థాన్ హోంశాఖ కార్యదర్శి రామ్‌సింగ్ ఆ బాధ్యతను తన మీద వేసుకుని సంకెళ్లు తీయించారు. శిబిరం ఏ గొడవా లేకుండా సాగింది.

మన దేశంలో ఖైదీలకు ధ్యానం నేర్పే ప్రయత్నాలకు బలమైన పునాది పడింది అక్కడే. అభాగ్యులకు ధ్యానం చేరాలంటే మంచి పద్ధతి ఉన్నంత మాత్రాన చాలదు. అది ఉచితంగా అందాలి, నేర్పేవాడు ఎదుటివాడిని తనతో సమానమైన మనిషిగా చూడాలి. విపశ్యన జైళ్లలో నిలదొక్కుకున్నది ఈ రెండింటి వల్లనే.

తలనొప్పి చూపిన దారి

గోయెంకా 1924లో బర్మాలోని మాండలేలో, మార్వాడీ వ్యాపార కుటుంబంలో పుట్టారు. చిన్న వయసులోనే పెద్ద వ్యాపారి అయ్యారు. దానితోపాటే భరించలేని మైగ్రేన్ తలనొప్పీ వచ్చింది. ఎన్ని దేశాల వైద్యులను చూసినా అది తగ్గలేదు. 1955లో ఆయన సయాజీ ఉ బా ఖిన్ దగ్గరికి వెళ్లారు. ఆ గురువు సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన గృహస్థు. తలనొప్పి తగ్గించుకోవడమే లక్ష్యమైతే ఇక్కడికి రావద్దని, మనసును శుభ్రం చేసుకోవడానికైతే రమ్మని ఆయన చెప్పారు. పద్నాలుగేళ్లు ఆ గురువు దగ్గర సాధన చేసిన గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చి బోధించడం మొదలుపెట్టారు. 2013లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నారు.

శిబిరంలో ఏం చేస్తారు?

శిబిరం పది రోజులు. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆరతాయి. రోజుకు దాదాపు పది గంటల ధ్యానం ఉంటుంది. హింస, దొంగతనం, అబద్ధం, మత్తు, లైంగిక ప్రవర్తన విషయాల్లో నియమాలు పాటించాలి. మొదటి తొమ్మిది రోజులూ తోటివారితో మాటలు, సైగలు ఉండవు. బోధకుడిని సందేహాలు అడగవచ్చు.

మొదటి మూడున్నర రోజులు ఆనాపాన సాధన. ముక్కు రంధ్రాల దగ్గర గాలి వచ్చిపోవడాన్ని గమనిస్తూ కూర్చోవాలి. గాలిని బిగబట్టకూడదు, లెక్కపెట్టకూడదు, మంత్రం జపించకూడదు. శ్వాస ఎలా ఉంటే అలాగే చూడాలి. మనసు పరుగెడితే విసుక్కోకుండా మళ్లీ తీసుకురావాలి. క్రమంగా దృష్టిని పై పెదవి మీది చిన్న చోటికి కుదిస్తారు.

నాలుగో రోజున విపశ్యన మొదలవుతుంది. నడినెత్తి నుంచి అరికాళ్ల దాకా దృష్టిని ఒక్కో భాగం మీదుగా నడిపిస్తూ అక్కడి వేడి, చలి, దురద, నొప్పి, జలదరింపు ఏదైనా గమనించాలి. హాయిగా ఉన్నదాన్ని పట్టుకోకూడదు, బాధగా ఉన్నదాన్ని తోసేయకూడదు. ఏదైనా వచ్చి పోయేదేనని అనుభవంతో తెలుసుకోవాలి. రోజుకు మూడుసార్లు గంటసేపు కళ్లు తెరవకుండా, కాళ్లూ చేతులూ కదపకుండా కూర్చోవాలన్న సంకల్పమూ ఉంటుంది. పదో రోజు అందరి మేలూ కోరుతూ మైత్రీ సాధన నేర్పుతారు, ఆ తర్వాత మౌనం విడుస్తారు.

జైలులో ఈ పద్ధతి విలువ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఎవరో తిట్టినప్పుడు ముందు ఒళ్లు వేడెక్కుతుంది, దవడ బిగుస్తుంది, గుండె దడదడలాడుతుంది. చెయ్యి లేచేది ఆ తర్వాతే. ఆ వేడిని కదలకుండా చూడగలిగినవాడికి చెయ్యి లేపాలా వద్దా అని ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. క్షణంలో చేసిన పనికి జీవితమంతా శిక్ష అనుభవిస్తున్నవాళ్లకు ఆ వ్యవధి ఎంత విలువైనదో ఎవరూ చెప్పక్కర్లేదు.

తీహార్‌లో వెయ్యి మంది

1993లో కిరణ్ బేడీ ఢిల్లీ జైళ్ల ఐజీగా వచ్చేనాటికి తీహార్ జైలు ఉండాల్సిన దానికి మూడింతలకు పైగా ఖైదీలతో కిక్కిరిసి ఉంది. ఆమె ముందుగా జైలు సిబ్బందిని శిబిరాలకు పంపారు. కాపలావాడి కోపం తగ్గకుండా ఖైదీ కోపం తగ్గదన్న గ్రహింపు అందులో ఉంది. 1994 ఏప్రిల్‌లో వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకే శిబిరంలో కూర్చున్నారు. అదే ఏడాది జైలు లోపలే ‘ధమ్మ తీహార్’ అనే శాశ్వత కేంద్రం ఏర్పడింది. ఈ కథతో 1997లో వచ్చిన ‘డూయింగ్ టైమ్, డూయింగ్ విపస్సన’ డాక్యుమెంటరీని ప్రపంచమంతా చూసింది.

అదే ఏడాది అమెరికాలోని సియాటిల్‌లో ఒక జైలు ఈ శిబిరాన్ని పెట్టింది. 2002లో అలబామాలోని డోనాల్డ్‌సన్ జైలులో, జీవిత ఖైదు పడినవాళ్లు ఎందరో ఉన్నచోట, ఖైదీలు పది రోజులు కూర్చున్నారు. సియాటిల్ శిబిరాలపై వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం 2006లో వెలువడింది. శిబిరం చేసినవాళ్లు విడుదలైన మూడు నెలల తర్వాత మద్యం, గంజాయి, కొకైన్ వాడకంలో మిగతావాళ్లకంటే వెనకే ఉన్నారు. వాళ్లు తమంతట తాము ముందుకొచ్చినవాళ్లు కాబట్టి ఫలితమంతా ధ్యానానిదేనని తేల్చలేం. అయినా ఆశ పెట్టుకోదగ్గ ఫలితమే.

దానంతో నడిచే బోధ

శిబిరానికి రుసుము లేదు. భోజనానికీ బసకూ డబ్బు తీసుకోరు. ఒక శిబిరమైనా పూర్తి చేసినవారి నుంచే విరాళం స్వీకరిస్తారు. బోధకులకు జీతాల్లేవు, పాత సాధకులు సేవ చేస్తారు. అంటే తనకు అందుతున్న బోధ ముఖం తెలియని ఎవరో చేసిన దానమని ఖైదీకి తెలుస్తుంది. లోకమంతా తనను వెలివేసిందనుకునే మనిషికి అది ఏ ఉపన్యాసమూ ఇవ్వలేని ధైర్యాన్నిస్తుంది.

జాగ్రత్తలు తప్పవు

పది రోజుల మౌనం అందరికీ పడదు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు అది హాని చేయవచ్చు. అందుకే చేరేముందు ఆరోగ్య వివరాలు అడుగుతారు. జైలులో ఈ పరిశీలన మరింత కచ్చితంగా జరగాలి. ఒత్తిడి పెట్టి కూర్చోబెట్టకూడదు, మధ్యలో లేస్తామన్నవాళ్లను శిక్షించకూడదు.

ధ్యానం న్యాయానికి బదులు కాదన్నది అంతకన్నా ముఖ్యం. మన జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా నేరం రుజువుకాని విచారణ ఖైదీలే. బెయిలుకు పూచీ దొరక్క మగ్గిపోతున్న పేదవాడికి శ్వాసను గమనించమని చెప్పి ప్రభుత్వం చేతులు దులుపుకోకూడదు. అతనికి వకీలూ కావాలి, వైద్యుడూ కావాలి. వాటితోపాటు మనశ్శాంతీ కావాలి.

విడుదలయ్యాక సాధన నిలవాలంటే తోడు కావాలి. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద 1976 నుంచి ‘ధమ్మ ఖేత్త’ కేంద్రం ఉంది, అక్కడ తెలుగులోనూ బోధిస్తారు. శిక్ష పూర్తయిన ఖైదీ పాత గుంపులోకి కాక అలాంటి హాలులోకి వెళ్లి, గతం ఎవరూ అడగకుండా మనందరి పక్కన కూర్చోగలగాలి. అతనికి చోటిచ్చి పక్కకు జరగడం మన వంతు సాధన.