ఎర్రచుక్క జాడ

పల్లికాయ సీజన్‌లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మార్కెట్ యార్డుల దారుల్లో పికప్ బండికి తీరిక ఉండదు. సరిగ్గా అప్పుడే స్టీరింగ్ బిగుసుకుంటుంది, తిప్పితే మూలుగుతుంది. కింద చూస్తే ఎర్రటి చుక్క. ఇంజన్ ఆయిలైతే నల్లగా ఉంటుంది. చాలా బండ్ల పవర్ స్టీరింగ్‌లో పోసే ఆయిల్, ఏటీఎఫ్, ఎరుపు.

చుక్క పడ్డచోటే లీకు ఉందనుకుంటే మోసపోయినట్టే. ఆయిల్ పైన కారి, ఛాసిస్ వెంట పాకి, ఎక్కడో రాలుతుంది. అందుకే మంచి మెకానిక్ పానా కంటే ముందు గుడ్డ పడతాడు. అంతా తుడిచి, ఇంజన్ నడిపించి, డ్రైవర్‌ను స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని తను లైటు పట్టుకుని కిందికి దూరతాడు.

లీకు రిటర్న్ పైపులో అయితే అదృష్టమే. అందులో ఒత్తిడి తక్కువ కాబట్టి తరచూ కొత్త క్లిప్పుతోనే ఆగిపోతుంది. పంపు నుంచి వచ్చే ప్రెషర్ పైపుకు ఆ చిట్కా చెల్లదు, మార్చాల్సిందే. “ఇయ్యాల్టికి కట్టు కట్టన్నా, యార్డుకు పోయొస్తా” అని బతిమాలినా “కాదు తమ్మీ” అనేవాడే నా లెక్కలో అసలైన పనివాడు.

ఇక పైపు మార్చినప్పుడు లోపల చేరిన గాలి తీయడం. చాలామంది ఎగ్గొట్టే పని ఇదే. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ ఆపి, స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తిప్పిస్తాడు. ఆయిల్ డబ్బాలో నురగ కనిపిస్తే మళ్లీ తిప్పమంటాడు. బయట ఇంకో బండి హారన్ కొడుతున్నా సరే.