మాధవి లేని మేళం

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ కన్నా ముందు ఆమె జడ వస్తుంది. చెరో కొసా పట్టుకుని ఇద్దరు నిలబెట్టిన తెర, దాని వెనక వీపు మనవైపు పెట్టి నించున్న భామ. ప్రవేశ దరువు ఎత్తుకోగానే రాగిడి, చంద్రవంక, నాగరం, కుచ్చులతో బరువెక్కిన జడ తెర మీంచి ఇవతలికి జారుతుంది. వెనకటికి అది అలంకారం కాదు, సవాలు. నన్ను మించి అభినయం పట్టగలవాడు, అలంకార శాస్త్రంలో నా నోరు మూయించగలవాడు ఈ సభలో ఉంటే లేవండి, ఓడితే ఈ జడ కోసి ఇస్తాను అని వేషధారి పండితులకు విసిరిన పందెం. జడ కోయించుకున్న భాగవతుడి కథ ఒక్కటీ నా చెవిన పడలేదు. నెగ్గినవాళ్లే కథలు చెబుతారు కదా!

ఇప్పుడూ జడ వేస్తున్నారు. చప్పట్లూ పడుతున్నాయి. నా కళ్లు మాత్రం జడ మీద ఉండవు. తెర పక్కన చేతిలో తాళాలు పట్టుకుని నిలబడ్డ సూత్రధారుడి మీద ఉంటాయి. ఏ మేళం సత్తా ఎంతో అక్కడ తెలిసిపోతుంది. భామ ఎంత బాగా చేసినా, ఎదురు నిలిచి మాట అందించే మాధవి చప్పగా ఉంటే ఆ రాత్రి చప్పనే.

ఎందుకో చెప్పాలంటే కలాపం ఎలా నడుస్తుందో చూడాలి. కథ పిసరంత. అద్దంలో చూసుకుంటూ మనిద్దరిలో ఎవరు అందంగా ఉన్నారని సత్యభామ కృష్ణుణ్ణి అడిగింది. ఆయన అలిగి వెళ్లిపోయాడు. ఆమె విరహంతో వేగి చెలికత్తె మాధవి చేత లేఖ పంపింది. అంతే. ఈ పిసరును పట్టుకుని తెల్లవార్లూ ఆడేవాళ్లు. అంతసేపు ఆడించే సరుకు కథలో లేదు, ఇద్దరి మధ్య సాగే సంవాదంలో ఉంది. సూత్రధారుడు వేషం మార్చడు. భామ ముందు నిలబడితే చెలికత్తె మాధవి, కృష్ణుడి ముందుకెళ్తే చెలికాడు మాధవుడు. మధ్యలో ప్రేక్షకుల వైపు తిరిగితే మళ్లీ సూత్రధారుడే. పాడేదీ, తాళం వేసేదీ, జతులు చెప్పేదీ, నవ్వించేదీ, కథ పక్కదారి పడితే చెవి పట్టుకుని తెచ్చేదీ ఆయనే.

ఒక ఘట్టం చూడండి. నీ భర్త ఎవరమ్మా అని మాధవి అడుగుతుంది. భర్త పేరు నోట పలకడం ఇల్లాలికి మర్యాద కాదు. భామ సిగ్గుపడుతుంది. ఆ సిగ్గుకే ఓ దరువు. కొనగోటితో చీర చెరగు మెలిపెడుతుంది, తల వాలుస్తుంది, పక్కకు ఓ చూపు విసిరి లాక్కుంటుంది, ఆనవాళ్లు చెబుతుంది. మాధవికి ఆయన ఎవరో తెలుసు. తెలిసీ తెలియనట్టు ఇంకెవరి పేరో అంటుంది. భామకు ఒళ్లు మండుతుంది. సిగ్గు కాస్తా కోపంలోకి, కోపం దర్పంలోకి, దర్పం మళ్లీ బేలతనంలోకి జారాలి. ఆ జారుడు భామ ఒక్కతే తెచ్చుకోలేదు. మాధవి ఏ ప్రశ్న ఎప్పుడు వేస్తుందో, ఎక్కడ ఓ క్షణం ఆగుతుందో, ఎక్కడ ఒత్తి పలుకుతుందో దాన్ని బట్టే భామ ముఖంలో రంగులు మారతాయి. లేఖ పట్టుకెళ్లడానికి కూలి మాట వచ్చినప్పుడూ ఇంతే. ఒంటిమీది నగలన్నీ ఇస్తానంటుంది భామ. మాధవికి అవేవీ వద్దు, ముక్కెరే కావాలి. ఆడదాని సౌభాగ్య చిహ్నం అది. ఆ బేరం దగ్గర నవ్వుతూ నవ్వుతూనే జనం గతుక్కుమనాలి. గతుక్కుమన్నారంటే మాధవి గట్టిది.

రష్యా వాళ్ల బ్యాలే ‘స్వాన్ లేక్’లో ఒడెట్ మొదటినుంచి చివరిదాకా నోరు మెదపదు. చెప్పాల్సిందంతా కాళ్లూ చేతులే చెబుతాయి. అందులో దాని గొప్ప దానికుంది. మన భామ నోరు మూసుకుంటే సగం భామే. ఆంగికం, ఆహార్యం, సాత్త్వికం ఏ నాట్యంలోనైనా ఉంటాయి. పాత్రధారి తానే పాడుతూ, తానే వచనం చెబుతూ, గజ్జె తప్పకుండా ఆడడమే కూచిపూడి మేళాలను వేరుగా నిలబెట్టింది. ఊపిరి పట్టు తెలియనివాడికి ఇది అసాధ్యం. తీర్మానం ముగించి, రొప్పు బయటపడకుండా, కందార్థం ఎత్తుకోవాలి. నేటి ఆటల్లో ఆ పని వేదిక పక్కన మైకుల ముందు కూర్చున్న వాళ్లదైంది. నర్తకి పెదవులు కదుపుతుంది. ఆ కదిలే పెదవులు నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

కూచిపూడికి మా ఎడ్లపాడు దగ్గరేమీ కాదు. గుంటూరు, విజయవాడ, పామర్రు మీదుగా వంద కిలోమీటర్లు దాటి పోవాలి. అయినా నాట్యం మాకు పరాయిది కాదు. ఊరి నుంచి కనపడే కొండవీటి కొండల మీద 1386 నుంచి 1402 దాకా ఏలిన కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు పేరుపడ్డవాడు. నాట్యం మీద ‘వసంతరాజీయం’ రాశాడు. పుస్తకం దొరకలేదు. ఆయన బావమరిది, మంత్రి కాటయవేముడు కాళిదాసు నాటకాలకు రాసిన వ్యాఖ్యల్లో ఉదాహరించిన ముక్కలే మిగిలాయి. ఆ కొలువులో ఆడిన లకుమ పేరు ఓ సంస్కృత శ్లోకం పుణ్యమా అని బతికింది. పాలించినవాడి పుస్తకం పోయి, ఆడినామె పేరు నిలవడం నాకు ముచ్చటగానే ఉంటుంది. ఆమె ఎలా ఆడేదో, పక్కన ఎవరు తాళం పట్టేవారో చెప్పేవాళ్లు లేరు. పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు చరిత్ర ఎప్పుడూ రాసుకోదు.

మా తిరునాళ్లలో ఇప్పుడు భాగవతుల మేళానికి చోటు లేదు. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల కింద మైకుల మోతలో సినిమా పాటలకు డాన్సులు. వాటినేమీ తిట్టను, జనం కోరిందే కదా! ఒకప్పుడు పంట ఇంటికొచ్చిన రోజుల్లో మేళం ఊళ్లోకి దిగి, రచ్చబండ దగ్గర పందిరి కింద, దివిటీల మీద గుగ్గిలప్పొడి విసిరి భగ్గున మండించి పాత్రను ప్రవేశపెట్టేదంటే మాత్రం ఈ తరం పిల్లలు నమ్మరు.

మేళాల్లో నా ఓటు చింతా వెంకటరామయ్య పెట్టిన వెంకటరామ నాట్యమండలికి. ప్రహ్లాద, ఉషాపరిణయం, శశిరేఖా పరిణయం, మోహినీ రుక్మాంగద వంటి యక్షగానాలను ఊరూరా తిప్పిన మేళం అది. ఆయన తర్వాత దాన్ని నడిపిన చింతా కృష్ణమూర్తి సూత్రధారుడిగా, మాధవిగా నిలబడితే ఎదురుగా సత్యభామ వేషంలో వేదాంతం సత్యనారాయణ శర్మ. ఆ జంటకు సాటి జంట కూచిపూడిలో మళ్లీ రాలేదని నా గట్టి నమ్మకం. 1935లో పుట్టిన సత్యనారాయణ శర్మకు 1961లోనే సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. అప్పటికి ఆయన వయసు చూడండి! 1970లో పద్మశ్రీ. భామ, ఉష, మోహిని, ఏది కట్టినా పేరే. ఆడదాన్ని అనుకరించే మగవాడు ఎక్కడో ఓచోట అతి చేస్తాడు, నడుము ఎక్కువ తిప్పుతాడు, గొంతు సాగదీస్తాడు. ఈయన తగ్గించేవాడు. పెద్ద వయసులో కట్టిన వేషాల వీడియోలు చూసినా తెలుస్తుంది. దవడ జారింది, నడుము మందమైంది, అయినా కనురెప్ప వాలే వేగం తప్పలేదు. ఆయనకు దక్కిన బిరుదులన్నీ నిజమే. ఆ భామకు రోషం పుట్టించిన కృష్ణమూర్తి గారికి దక్కాల్సిన పేరు మాత్రం దక్కలేదు.

స్త్రీవేషం మాట వచ్చింది గనక, మా పక్కనే బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావును వదిలి పోలేను. ‘శ్రీకృష్ణ తులాభారం’లో ఆయన సత్యభామ నాటకరంగాన్ని ఏలింది. ఆ భామది రాణివాసపు గర్వం. చీరకట్టు దగ్గరనుంచి ప్రతిదీ కొలత ప్రకారం. కూచిపూడి భామ ఆ గర్వాన్ని తాళంలో బంధిస్తుంది, కోపం వచ్చినా ముక్తాయింపు మీదే రావాలి. కృష్ణా, గుంటూరు మండలాలు ఇద్దరు మగ సత్యభామలను కన్నాయి. ఈ విషయంలో మేం జపాన్ కబుకీ వాళ్లకు గానీ, చైనా ఒపేరా నటుడు మే లాన్‌ఫాంగ్‌కు గానీ తీసిపోం. ఇప్పుడు ఒంగోలు నుంచి వచ్చిన హలీం ఖాన్ స్త్రీవేషం కడుతున్నాడు. బాగా కడుతున్నాడు. బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలకే అన్న కట్టుబాటు సడలడం మంచికే జరిగింది. పిఠాపురం కుంతీమాధవస్వామి కోవెలలో కలావంతుల స్త్రీలు పారిజాతం పేరిట తొమ్మిది రాత్రులు భామాకలాపం ఆడిన ఆనవాయితీ ఉండగా, భామ వేషం మగవాళ్ల సొత్తు అనడమే అసలు తప్పు.

మరి భామకూ మాధవికీ మధ్య సాగే ఆ సంవాదం ఎక్కడ పోయింది? 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నృత్య సదస్సు జరిగింది. కూచిపూడి శాస్త్రీయమా, జానపదమా అన్న తర్జనభర్జన నడిచిన రోజులవి. మరుసటి ఏడు హైదరాబాదులో మనవాళ్లు సదస్సు పెట్టి తమ వాదం వినిపించారు. శాస్త్రీయం అనిపించుకోవాలంటే ఒక్కరు వేదికెక్కి గంటన్నరలో శబ్దం, తరంగం, పదం చేసి దిగే పద్ధతి కావాల్సి వచ్చింది. దానికి బాట అంతకుముందే వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వేశారు. యామినీ కృష్ణమూర్తి ఆ బాటన కూచిపూడిని దేశదేశాలకు పరిచయం చేసింది. ఆమె ప్రవేశ దరువులో మెరుపుంది, కాళ్లలో పదునుంది. ఎదురుగా మాధవి లేదు. సభను చూస్తూ ఒక్కతే గొప్పలు చెప్పుకునే భామ దర్పం నాకు రవంత పొడిగా తోస్తుంది.

వెంపటి చినసత్యం గారి సంగతి వేరు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, ఎస్.వి. భుజంగరాయ శర్మ చేత రాయించి, పట్రాయని సంగీతరావు చేత సంగీతం కట్టించి ఆయన చేసిన నృత్యనాటికలే మన బ్యాలే. శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం, చండాలిక, పద్మావతీ శ్రీనివాసం. రాత్రంతా సాగేదాన్ని రెండు గంటలకు కుదించారు. అరమండి సరిచేశారు, చేయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో గీత గీసినట్టు చెప్పారు. క్షీరసాగర మథనంలో దేవదానవులు వాసుకిని లాగే చోట గుంపు గుంపంతా ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, కదలిక ఒకరి నుంచి ఒకరికి పాకుతుంటే, పందిట్లో ఆడిన మేళం ఆ పని చేయలేదని ఒప్పుకుని తీరాలి. మంజుభార్గవి పొడుగును చూసి మగ పాత్రలు ఇవ్వడం ఆయన కంటికి నిదర్శనం. మగవాళ్లు ఆడవేషాలు కట్టిన సంప్రదాయాన్ని ఆయన అలా తిరగేశారు.

శోభానాయుడిని చాలామంది సత్యభామగా తలుచుకుంటారు. నేను చండాలికగా తలుచుకుంటాను. ఆమె భామ నిర్దుష్టం. అడుగు పక్కకు పడదు, చూపు వృథా పోదు. ఆ నిర్దుష్టతే అక్కడ కాస్త అడ్డం. భామ కొంచెం గయ్యాళిగా కూడా ఉండాలి. చండాలికలో అంటరానిదని జనం ఛీకొట్టే పిల్ల, నీళ్లడిగిన భిక్షువు ముందు చేతులు చాచలేక వెనక్కి లాక్కునే ఘట్టంలో ఆమె భుజాలు ముడుచుకునే తీరు చూస్తే, భామగా చూసిన రాణి ఈమేనా అనిపిస్తుంది. 2020లో ఆమె పోయాక ఆ పాత్రలో ఇంకొకరిని చూడాలని నాకు అనిపించలేదు.

ఇన్ని ఇచ్చిన వెంపటి వారి పద్ధతిలో పోయిందేమిటంటే అప్పటికప్పుడు పుట్టే మాట. పాట ముందే కట్టేశారు, పాడేవాళ్లు పక్కన కూర్చున్నారు, నిమిషాల లెక్క కుదిరింది. సూత్రధారుడు కొంటెతనం చేయడానికి సందు లేదు. ఊరి పెద్ద పిసినారితనం మీదో, మొన్నటి వాన మీదో ఓ విసురు విసిరి మళ్లీ ద్వారకలోకి వెళ్లే స్వేచ్ఛ లేదు. అది చేతకాని శిష్యులు వచ్చాక, సందు లేకపోవడమే సుఖంగా కూడా ఉంది.

తరంగానికి ఇత్తడి పళ్లెం ఎక్కడం మీద నాకు పేచీ లేదు. అంచును కాలివేళ్లతో పట్టి, పళ్లేన్ని జరుపుతూ జతులు తొక్కుతూ పైన చేతులతో బాలకృష్ణుడిని ముద్దాడడం కష్టమైన విద్యే. నెత్తిన చెంబు కూడా పెట్టి, నీళ్లు తొణకలేదని చప్పట్లు కొట్టించుకునేసరికి తరంగాలు రాసిన నారాయణ తీర్థులు పక్కకు పోయి చెంబు మిగులుతుంది. 2010 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో రెండు వేల ఎనిమిది వందల మంది ఒకేసారి తిల్లానా ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. తల్లిదండ్రుల ఆనందం నేను కాదనను. అంతమందిలో ఎవరి ముఖమూ కనపడకపోవడం అభినయ విద్యకు పండగ ఎలా అవుతుందో మాత్రం నాకు అర్థం కాలేదు.

పట్నాల్లోనూ, అమెరికా తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఏటా ఎందరో ఆడపిల్లలు రంగప్రవేశం చేస్తున్నారు. అందరూ భామలే. మాధవి నేర్పమని అడిగే తల్లిని నేనింతవరకు చూడలేదు. అడిగినా నేర్పడానికి నాలుగు విద్యలు ఒకే ఒంట్లో ఉన్న గురువు కావాలి. తాళం, గొంతు, సంస్కృతాంధ్రాల పట్టు, పైగా ఎదుటివాడు మెరిసేలా తాను తగ్గే గుణం. ఈ చివరిది పాఠంలో ఉండదు. కూచిపూడి గ్రామంలో ఇప్పటికీ కొన్ని ఇళ్లలో తండ్రి తాళం పట్టి కొడుకు చేత సంవాదం పలికిస్తున్నారు. భామాకలాపం కట్టిన సిద్ధేంద్రయోగి పేరిట జరిగే ఉత్సవాల్లో రాత్రి పొద్దుపోయాక, మంత్రులూ శాలువాలూ వెళ్లిపోయాక, పాత పద్ధతి కలాపం పెడతారు. వెళ్లేవాళ్లు ఆ వేళకే వెళ్లండి. ముందు వరుసలో ఎడమవైపు కూర్చుంటే సూత్రధారుడి ముఖం కనపడుతుంది. మైకు లేని మేళమైతే ఇంకా మంచిది, ముక్కెర బేరం ఒక్క మాట పోకుండా వినొచ్చు.