ఆరుగురు భామలు, ఒకే మనసు

కూచిపూడి భామాకలాపంలో నాకు ప్రాణమైన ఘట్టం తెర మీద జడ వేసేది కాదు. మొగుడి పేరేమిటని చెలికత్తె మాధవి అడిగితే సత్యభామ చెప్పలేక మెలికలు తిరిగేది. పేరు పెదవి దాకా వస్తుంది. సిగ్గు వెనక్కి లాగుతుంది, గర్వం ముందుకు తోస్తుంది, అంతలో ఎడబాటు గుర్తొచ్చి కళ్లు తడుస్తాయి. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఇవన్నీ ఒక్క మెడ తిప్పులో చూపేవారు. ఆ వేషంలో ఉన్నది మగవాడన్న సంగతి ప్రవేశ దరువుకే మరిచిపోయేవాళ్లం. అలాంటి సత్య మళ్లీ పుట్టదని నా నమ్మకం.

అందుకే మా ఊరి మాస్టారు ఆ ఘట్టాన్ని బృందనృత్యంగా కూరుస్తానన్నప్పుడు నాకు మనసొప్పలేదు. ఒక్కరు అంత చేసిన చోట ఆరుగురెందుకని అడిగేశాను. "మనసులో గొడవపడేది ఒక్కరేనా?" అన్నారాయన.

మూడు నెలలు ఆ సాధన దగ్గరే కూర్చున్నాను. ఆరుగురికీ ఒకే రంగు చీర, ఒకే పొడవు జడ. అందరూ సత్యభామలే. నువ్వు సిగ్గు, నువ్వు కోపం అని పంచిపెట్టలేదు. అలా పంచితే బళ్లో పిల్లల నాటకమవుతుందని ఆయన భయం. ఒకమ్మాయి కంట్లో పుట్టిన అలక పక్కమ్మాయి భుజంలోకి పాకి, మూడో అమ్మాయి మడమ దగ్గర కోపమై మోగాలి.

నాట్యశాస్త్రం బృందానికి నాలుగు బంధాలు చెప్పింది: పిండి, శృంఖలిక, లతాబంధం, భేద్యకం. ముద్దగా ముడుచుకోవడం, గొలుసుగా సాగడం, తీగల్లా పెనవేసుకోవడం, విడిపోయి ఎవరికి వారు ఆడటం. దిగులు పట్టిన మనసు చేసేవీ ఈ నాలుగు పనులే కదా! కాకతీయుల గజసేనాని జాయప నృత్తరత్నావళిలో దేశి నృత్యాలకు పెద్దపీట వేశాడు, వాటిలో గుంపుగా ఆడేవీ ఉన్నాయి. బృందనృత్యం మనకు నిన్న మొన్న వచ్చింది కాదు.

అసలు పనితనమంతా తాళంలో ఉంది. ఐదుగురు ఆదితాళంలో ఎనిమిదేసి మాత్రల అడుగు వేస్తుంటారు. గుంపు నుంచి విడివడ్డ ఆరో అమ్మాయి తకతకిట, తకతకిట అంటూ ఐదేసి మాత్రల్లో తిరుగుతుంది. వాళ్లు ఆగిన చోట ఈమె పాదం పడుతుంది, వాళ్లు తట్టిన చోట ఈమె గాలిలో ఉంటుంది. నలభై మాత్రలు నిండితే గానీ అందరి పాదాలూ ఒకేసారి సమానికి రావు. అప్పుడు పేరు పెదవి మీదకొస్తుంది. వెంటనే ఐదు చేతులు ఆ అమ్మాయి మొహానికి అడ్డం పడతాయి, మళ్లీ నలభై మాత్రలు మొదలు. నట్టువాంగం పట్టిన ఆయన ఒక్కసారి కూడా తాళాలకేసి చూడలేదు, ఆ పిల్ల పాదాలనే చూస్తూ కొట్టాడు. ఆ చేతులకు దండం పెట్టాలి!

కూచిపూడిలో ఇలాంటి బృంద రచనలకు దారి వేసిన మహానుభావుడు వెంపటి చినసత్యం గారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, వరుసగా నృత్యనాటకాలు కూర్చారు. ఠాగూర్ 'చండాలిక'ను కూచిపూడిలోకి తెచ్చినప్పుడు, భిక్షువు మీద మనసు పడ్డ పిల్ల లోపలి మంటను శోభానాయుడు మోసిన తీరు చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మద్రాసు వెళ్లి కూచిపూడి నాజూకైపోయిందని మూతి విరిచేవాళ్లున్నారు. నేను చినసత్యం గారి పక్షమే. ఆ నాజూకు వెనక ఎంత చెమట ఉందో వాళ్లకేం తెలుసు?

ఇప్పుడు మానసిక సంఘర్షణ పేరుతో వేదికల మీద జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. నల్ల బట్టలు, పొగ, వెనక ఎల్ఈడీ తెర మీద పగిలే అద్దం, తల పట్టుకుని గుండ్రంగా తిరిగే పదిమంది! అడుగు లేదు, జతి లేదు, కంట్లో సంచారి లేదు. మరోవైపు రికార్డుల కోసం మైదానంలో వేలమందిని నిలబెట్టి ఒకే చెయ్యి ఊపించడం. అంతమందిలో ఒక్క పిల్ల కన్ను ఎవరికి కనిపిస్తుంది?

మా మాస్టారి బృందాన్ని ఒక సభవారు పిలిచి, ఏడు నిమిషాల్లో ముగించమన్నారు. వాద్యగాళ్లకు చోటు లేదు, పాట పెన్‌డ్రైవ్‌లో తెమ్మన్నారు. ఐదూ ఎనిమిదీ కలిసే ఆటలో, ఊపిరి తీసుకోవడానికి ఒక పిల్ల అరక్షణం ఆలస్యం చేస్తే పెన్‌డ్రైవ్ ఆగుతుందా? మృదంగం ఆయనైతే ఆగుతాడు. మాస్టారు వెళ్లలేదు. ఆ ఆరుగురు పిల్లలు ఆ సాయంత్రం కూడా సాధనకే వచ్చారు.

సభలు నడిపే పెద్దలకు నా మనవి. ఇరవై నిమిషాలివ్వండి. వేదికకు కుడిపక్కన నలుగురు వాద్యగాళ్లు కూర్చోవడానికి ఒక జంపఖానా పరవండి. పొగ యంత్రం అద్దె డబ్బు ఆ మృదంగం ఆయన చేతిలో పెట్టండి.