అల్లరి వెనుక కారణం వెతికే పనితనం

తరగతిలో పిల్లవాడు పలక విసిరికొడితే చాలామంది కంటికి అది అల్లరి. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు మాత్రం ముందు కారణం వెతుకుతుంది. విసరడానికి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, ఆ తర్వాత వాడికి ఏం దక్కింది: ఈ మూడూ నోటుబుక్కులో రోజూ రాసుకుంటుంది. కొన్నాళ్లకు వరస తెలుస్తుంది. లెక్కల పీరియడ్‌లోనే పలక ఎగురుతోందంటే లెక్క కష్టమై తప్పించుకోజూస్తున్నాడని అర్థం. అలాంటివాణ్ణి బయట నిలబెడితే కోరుకున్నది చేతికిచ్చినట్టే. అందుకే ఆమె పది లెక్కలను మూడుకు తగ్గిస్తుంది. కాసేపు విరామం అడగడానికి ఒక బొమ్మ కార్డు ఇస్తుంది. కార్డు చూపిన వెంటనే విరామం దొరకాలి, లేకపోతే వాడికి కార్డు మీద నమ్మకం పోతుంది. ప్రార్థన, పాఠం, మధ్యాహ్న భోజనం, ఆట వరుసగా బొమ్మల్లో గోడకు అంటిస్తుంది. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే కంగారు తగ్గుతుంది. తిట్టి కూర్చోబెట్టడం కన్నా ఇది ఎంతో శ్రమతో కూడిన పని, ఎంతో గొప్ప పని.

తెలుగు రాష్ట్రాల్లో సమగ్ర శిక్ష పథకం కింద నడిచే భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అండగా ఉన్నాయి. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన ఒక జాతీయ సంస్థ ప్రత్యేక విద్యలో శిక్షణ ఇస్తోంది.

అయితే ఉపాధ్యాయురాలు ఎంత శ్రమపడినా, బడిలో ఒక తీరు, ఇంట్లో ఒక తీరు ఉంటే ఫలితం నిలవదు. తల్లిదండ్రులు కార్డు చూపగానే విరామం ఇవ్వడాన్ని గారాబమనుకోకుండా ఇంట్లోనూ అదే కార్డు వాడాలి.