ఎర్రబడితే చాలదు

న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్ళ ఓవెన్‌లో మూకుళ్ళు, పెనాలు కాపురం ఉంటాయి. మనవరాలి పుట్టినరోజుకి కేకు చేద్దామని అవన్నీ బయటపెట్టి ఓవెన్ వేస్తే వెలగలేదు.

"పైన పొయ్యిలన్నీ వెలుగుతున్నాయమ్మా, ఇదొక్కటే మొరాయిస్తోంది" అంది అమ్మాయి. అయితే గ్యాస్ వస్తున్నట్టే. పై పొయ్యిలు టకటకమనే నిప్పురవ్వతో అంటుకుంటాయి. ఈ రకం ఓవెన్‌లో రవ్వ ఉండదు. అడుగున బర్నర్ పక్కన ఇగ్నైటర్ అనే బూడిదరంగు కడ్డీ ఉంటుంది.

వంటింట్లో లైటు తీసేసి, నేనూ మనవరాలూ అడుగు రేకు కన్నాల్లోంచి చూశాం. కడ్డీ మెల్లగా కుంకుమరంగుకొచ్చి, నారింజరంగులో ఆగిపోయింది. పిల్ల ఒకటీ రెండూ అని లెక్కపెడుతోంది. తొంభై దాటినా మంట లేదు, గ్యాస్ వాసనా లేదు. వాసన వచ్చుంటే ఏ స్విచ్చూ ముట్టకుండా అందరం బయటికెళ్ళి గ్యాస్ వాళ్ళకి ఫోన్ చేసేవాళ్ళం.

"కడ్డీ బాగానే కాలుతోంది కదత్తయ్యా, వాల్వు పోయిందేమో" అన్నాడు అల్లుడు. చాలామంది ఇక్కడే పొరబడి, ఖరీదైన వాల్వు మార్చేస్తారు. కడ్డీలోంచి పారే కరెంటే వాల్వులోకీ వెళుతుంది. కడ్డీ వేడెక్కేకొద్దీ కరెంటు పెరిగి, సుమారు 3 ఆంపియర్లకి చేరాకే వాల్వు తెరుచుకుంటుంది. కడ్డీ పాతబడితే ఎర్రబడుతుంది గానీ అంత కరెంటు పారనివ్వదు. వాల్వు మూసుకునే ఉంటుంది. అంటించే వేడి లేనప్పుడు గ్యాస్ రాకూడదు, అందుకే ఈ ఏర్పాటు.

నాకు మా అమ్మ పంపు స్టవ్వు గుర్తొచ్చింది. కప్పులో స్పిరిట్ పోసి వెలిగించి, అది ఆరిపోబోతుండగా పంపు కొట్టేది. తొందరపడి ముందే కొడితే కిరోసిన్ ఆవిరి కాకుండానే చిమ్మి, మంట మొహందాకా లేచేది. ఆ అదను అమ్మ చేతికి తెలుసు. ఇక్కడ అది వాల్వుకి తెలుసు.

ఓవెన్ ప్లగ్గు పీకి, గ్యాస్ కట్టేసి, ఆ మోడల్‌కి సరిపోయే కొత్త కడ్డీ వేశాం. రెండే స్క్రూలు. కడ్డీ సిలికాన్ కార్బైడ్‌ది, బాగా పెళుసు. పింగాణీ మొదలు పట్టుకుని అల్లుడు మెల్లగా దింపాడు.

మళ్ళీ లైటు తీశాం. ఈసారి కడ్డీ నారింజ దాటి తెల్లగా మెరిసింది.

"నలభై రెండు... అమ్మమ్మా!"

బర్నర్ ఆ చివరినుంచి ఈ చివరికి నీలిమంట భగ్గున పాకింది.