ముప్పై రోజుల లెక్క

శంషాబాద్‌లో బస్సు కోసం నిలబడితే ఎదుటి హోటల్ టీవీలో మళ్లీ అదే స్క్రోలింగు: మృతుల సంఖ్య పెరిగే అవకాశం ఉంది. ప్రాణం పోవడం అవకాశమెట్లా అవుతుందని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు పోట్లాడానో పాత పాఠకులకు తెలుసు. ఈసారి ఆ సంఖ్య సంగతే మాట్లాడతాను.

రోడ్డు ప్రమాద మృతులంటే అక్కడికక్కడే పోయినవాళ్లు, ఆ గాయాలతోనే 30 రోజుల్లోపు పోయినవాళ్లు. కేంద్ర రవాణా శాఖ పద్ధతి ఇదే. విమాన ప్రమాదాలకూ అంతర్జాతీయంగా ఇదే గడువు. మరి 31వ రోజున వెంటిలేటర్ మీద కన్నుమూసిన మనిషి? మొదటిసారి ఈ నిర్వచనం చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది.

ఇక్కడి నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే పాలెం గుర్తుకు రాక మానదు. 2013 అక్టోబరు 30, తెల్లవారుజాము. బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు కొత్తకోట దగ్గరి పాలెం వద్ద కల్వర్టును ఢీకొని కాలిపోయింది. 45 మంది. ఇంకో రెండు మూడు గంటలైతే శంషాబాద్ దాటి ఇళ్లు చేరేవాళ్లు. డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే గానీ ఎవరి బిడ్డ ఎవరో తేలలేదు. సంఖ్య ముందొచ్చింది, పేర్లు తర్వాతొచ్చాయి. అంత ఘోరం గనక పాలెం మనకు గుర్తుంది. అదే రోడ్డు మీద దెబ్బలు తగిలి, వార్డుల్లో ఒక్కరొక్కరుగా పోయినవాళ్లు ఎవరికి గుర్తు?

అయినా ఆ 30 రోజుల గీత మీద నాకిప్పుడు కోపం లేదు. 31వ రోజున పోయినా పోలీసులు సెక్షన్ మార్చవచ్చు, కుటుంబం ట్రిబ్యునల్‌లో పరిహారం అడగవచ్చు. గీత గణాంకానికే. ఒక్కో దేశం ఒక్కో గడువు పెట్టుకుంటే, 2022లో మన రోడ్లు బలిగొన్న 1,68,491 మందిని ఎవరి లెక్కతో పోల్చి పాలకులను నిలదీస్తాం?

ఆ 30 రోజులూ మనం ఓపిక పట్టకపోవడమే నా బాధ. శంషాబాద్‌లో దెబ్బ తగిలినవాళ్లు ఉస్మానియా ఆసుపత్రిలో ఇరవయ్యో రోజున పోతే, ఆ కబురు కేసు పెట్టిన స్టేషన్‌కు చేరాలి. గాయాల కేసు మరణం కేసుగా మారాలి. పేపర్లు మూడో రోజుకే ఆ ప్రమాదాన్ని వదిలేస్తున్నాయి. తీవ్ర గాయాలని రాసిన అయిదుగురూ ఏమయ్యారు? జిల్లా డెస్కులకు నా విన్నపం: ప్రమాదం జరిగిన నెలకు స్టేషన్‌కు ఒక ఫోన్ చేయండి. ఎవరు ఇల్లు చేరారో, ఎవరు చేరలేదో నాలుగు లైన్లు వేయండి. ఆరోజు ముగ్గురని రాసిన చోట అయిదుగురని దిద్దాల్సి వస్తే, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో దిద్దండి.