ఒక స్క్రూ, ఒక రబ్బరు రింగు

మా అమ్మ ట్రంకుపెట్టె అడుగున దొరికేసరికి సైనికుడు రెండు ముక్కలై ఉన్నాడు. నడుము పైభాగం పాత గాజుల డబ్బాలో, కాళ్లు కలరా ఉండల పక్కన. డబ్బా అడుగున నల్లటి పొడి. వేలితో తీస్తే జిగటగా అంటుకుంది. తొంభైల్లో మా నాన్న పూర్ణా మార్కెట్లో కొనిపెట్టిన జీ.ఐ.జో. మన దేశంలో ఫన్‌స్కూల్ వాళ్లు తయారుచేసినది. అట్టముక్క ఎప్పుడో పోయింది, దాంతోపాటే వీడి పేరూ పోయింది.

విశాఖలో ఇలాంటివి బాగుచేసే కుర్రాడొకడు నాకు తెలుసు. కుర్రాడంటే నలభై దగ్గర పడ్డాడు, నాకంటే చిన్నవాడు కాబట్టి కుర్రాడే. పగలు బ్యాంకు ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక బొమ్మల వైద్యం. డబ్బు తీసుకోడు. ఎవరైనా బొమ్మ తెచ్చి ముందు పెడితే మొహం మాత్రం వెలిగిపోతుంది. నా రెండు ముక్కలూ బల్ల మీద పెట్టగానే ముందు వాసన చూశాడు. "కలరా ఉండల్లో పెట్టారా అన్నయ్యా? వాటి ఆవిరికి కొన్నిరకాల ప్లాస్టిక్ మెత్తబడి ముద్దయిపోతుంది. మీ అదృష్టం, ఇది గట్టిరకం."

అతని పని చెప్పేముందు అసలు ఈ బొమ్మ చేసినవాడి పని చెప్పాలి. ఎందుకంటే బాగుచేయడానికి వీలుండటం అనేది బాగుచేసేవాడి గొప్పతనం ఒక్కటే కాదు.

జీ.ఐ.జో పుట్టింది 1964లో, అమెరికాలో. తర్వాత హాస్‌బ్రోగా మారిన కంపెనీ అప్పుడు దాన్ని పన్నెండంగుళాల పొడుగుతో, గుడ్డ యూనిఫాంతో తెచ్చింది. డాల్ అంటే మగపిల్లలు ముట్టుకోరని అమ్మేవాళ్ల భయం. అందుకని 'యాక్షన్ ఫిగర్' అని కొత్త పేరు పెట్టారు. మనకు ఆ బెంగ లేదు. ఏటికొప్పాక చెక్కదీ బొమ్మే, కొలువులో పెట్టేదీ బొమ్మే, శుక్రవారం విడుదలై హాలు దద్దరిల్లించేదీ బొమ్మే. ఆ మొదటి జో కుడిచేతి బొటనవేలికి గోరు పైన కాక కింద, వేలి మెత్తటి వైపు ఉంటుంది. అచ్చులో దొర్లిన తప్పది. కంపెనీ దాన్ని దిద్దకుండా అట్టే ఉంచింది, నకలు కొట్టినవాడు దొరికిపోవడానికి గుర్తుగా. తప్పునే ముద్రగా వాడుకున్న ఆ తెలివి నాకు భలే ఇష్టం.

నాదగ్గరున్నది ఆ పెద్ద జో వంశంలో పొట్టి తరం. 1978లో కెన్నర్ కంపెనీ స్టార్ వార్స్ బొమ్మల్ని మూడుముప్పావు అంగుళాల ఎత్తులో తెచ్చి ఆ కొలతను ఊరూరా పాకించింది. బొమ్మ చిన్నదైతే దాన్ని కూర్చోబెట్టే జీపూ విమానమూ కూడా కొనగలిగే ధరలో చేయొచ్చు. 1982లో హాస్‌బ్రో అదే ఎత్తులో జీ.ఐ.జోని మళ్లీ దించింది. తేడా అంతా కీళ్లలో ఉంది. స్టార్ వార్స్ బొమ్మకు మెడ, రెండు భుజాలు, రెండు తొడలు కదిలేవి, అంతే. జోకి మోచేతులు వంగుతాయి, మోకాళ్లు వంగుతాయి, నడుము తిరుగుతుంది. 1983లో మోచేతికి పైన చెయ్యి గుండ్రంగా తిరిగే ఏర్పాటు కలిపారు. దాంతో రెండు చేతులా తుపాకీ పట్టుకోగలిగాడు. 1985లో మెడకు గుండ్రటి కీలు వచ్చి, తలెత్తి ఆకాశం చూడటం నేర్చుకున్నాడు.

ఈ ఒళ్లంతా ఎలా నిలబడుతుందో మా కుర్రాడు విప్పి చూపించాడు. మొండెం కొబ్బరిచిప్పల్లా రెండు సగాలు, ముందొకటి వెనకొకటి. వీపున ఒకే ఒక్క స్టార్ స్క్రూ. లోపల ఛాతీలో చిన్న ప్లాస్టిక్ గూటం. రెండు కాళ్ల మధ్య ఇంగ్లీషు 'టీ' అక్షరంలాంటి ఇనప కొక్కెం. గూటానికీ కొక్కేనికీ మధ్య, నడుము ముక్కలోంచి దూరి, సాగి నిలబడే నల్లటి రబ్బరు రింగు. అంతే సంగతి. ఆ రింగు బిగువుకే కాళ్లు నడుముకీ, నడుము మొండేనికీ హత్తుకుని ఉంటాయి. ఆ స్క్రూ బిగువుకే మెడా, భుజాలూ చిప్పల మధ్య కదలకుండా ఉంటాయి. ఒక స్క్రూ, ఒక రింగు తీస్తే మనిషంతా బల్ల మీద విడివిడిగా పడుకుంటాడు.

తోలుబొమ్మను దగ్గరగా చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. భుజం దగ్గర, మోచేతి దగ్గర తోలుముక్కల్ని కలిపేది దారపు ముడి. ముడి తెగితే ఇంకో ముడి వేస్తారు, రాముడు మళ్లీ విల్లెత్తుతాడు. తొందరగా అరిగేదాన్ని తొందరగా మార్చగలిగేట్టు పెట్టడమే రెండుచోట్లా ఉన్న పనితనం. జీ.ఐ.జో ఇంజినీర్లు నలభై ఏళ్ల తర్వాత ఎవడో విశాఖలో దీన్ని విప్పుతాడని ఊహించి స్క్రూ పెట్టారని నేననను. బిగింపు సులువనో, ఖర్చు తక్కువనో పెట్టి ఉంటారు. అయినా మేలు మేలే. 2007లో పాతికేళ్ల పండగకు తెచ్చిన జోలలో ఈ రింగు లేదు. కీళ్లు పెరిగాయి, ఒంటి తీరు మెరుగయింది. కానీ ఇప్పుడొచ్చే బొమ్మల్లో చాలావాటి మొండెం అతికించేసి ఉంటుంది. లోపల ఏదైనా విరిగితే హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి కీలు ఊడబెరకడం తప్ప దారి లేదు. అందంలో అవి గెలిచాయేమో, ఆయుష్షులో పాతవే గెలుస్తాయని నా నమ్మకం.

సరే, నా సైనికుడు. స్క్రూ తుప్పుపట్టి బిగుసుకుంది. మరొకరైతే బలంకొద్దీ తిప్పి స్క్రూ తల అరగదీసేవారు. ఇతను సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద రెండు మూడు సెకన్లు ఆనించాడు. వేడి లోహంలోంచి దిగి, చుట్టూ ప్లాస్టిక్ కాస్త పట్టు వదిలింది. తర్వాత సరిపోయే స్క్రూడ్రైవర్ నిలువుగా పెట్టి, తిప్పేకంటే ఎక్కువగా అదుముతూ, మెల్లగా తీశాడు.

చిప్పలు విడగానే నవ్వాడు. "ఇది ఓ-రింగు కాదన్నయ్యా. జడ రబ్బరు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆరో తరగతిలో అసలు రింగు తెగితే అమ్మ జడ రబ్బరు రెండు చుట్లు తిప్పి నేనే బిగించాను. నా వైద్యానికి ఇంకో గుర్తు కూడా మిగిలింది: స్క్రూ మరీ బిగించి గూటం మీద వెంట్రుకంత పగులు తెప్పించాను. జడ రబ్బరు గాలికీ వేడికీ ముందు జిగురవుతుంది, ఆపైన పెళుసవుతుంది, చివరికి పొడి. అసలు రింగులు కూడా చావులేనివి కావు, ముప్పై నలభై ఏళ్లకు ఎండి పగులుతాయి. అయితే ఒకే మందంతో, అతుకు లేకుండా పోతపోసినవి కాబట్టి బిగువు అన్నివైపులా సమానంగా పంచుతాయి. ఆ సమానమైన బిగువుకే బొమ్మ నడుము కొద్దిగా వంచి, ఒక తుంటి మీద బరువేసి, మెడ ఓరగా పెట్టి నిలబెట్టొచ్చు. త్రిభంగి అన్నమాట! జడ రబ్బరు కట్టిన నా సైనికుడు ఎప్పుడూ బడిలో గోడకుర్చీ వేసిన పిల్లాడిలా ఉండటానికి కారణం ఇన్నేళ్లకు తెలిసింది.

ముక్కలన్నీ గోరువెచ్చటి నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగాడు. రంగు వేసిన కనుబొమల మీద బ్రష్ పెట్టలేదు, ఇయర్‌బడ్‌తో అద్దాడు. స్పిరిట్టు, అసిటోను దరిదాపులకు రానివ్వలేదు. అసిటోను తగిలితే ఈ ప్లాస్టిక్, అంటే ఏబీఎస్, కరిగిపోతుంది. గమ్మత్తేమిటంటే పగులు అతికించడానికి అతను వాడింది ఆ కరిగే గుణాన్నే. ప్లాస్టిక్ మోడళ్లవాళ్లు వాడే నీళ్లలాంటి సిమెంటును సన్నకుంచె మొనతో పగులు అంచుకు తాకించాడు. దీపపు వత్తి నూనె పీల్చుకున్నట్టు పగులు దాన్ని తనే లోపలికి లాక్కుంది. రెండు అంచులూ కాస్త కరిగి, ఒకదాంట్లో ఒకటి కలిసి గట్టిపడ్డాయి. ఇది జిగురు కాదు, వెల్డింగు. ఫెవిక్విక్ లాంటి జిగురు ఇక్కడ ఎందుకు వద్దంటే, అది ఆరేటప్పుడు వదిలే ఆవిరి చుట్టుపక్కల తెల్లటి బూజులా పట్టేస్తుంది. పైగా పెళుసు, ఒక పక్క దెబ్బకు పెంకులా లేచొస్తుంది.

ఈ బొమ్మల్లో ఎక్కువగా విరిగేది బొటనవేలు. తుపాకీ పిడి అరచేతి సందుకంటే రవ్వంత లావు, పిల్లలు కుక్కుతారు, వేలు టక్కుమంటుంది. మావాడికీ కుడి బొటనవేలు లేదు. ఆ వేలు పొడుగు బియ్యపుగింజలో సగం ఉంటుందేమో. భూతద్దం కింద చెయ్యి పట్టించి, విరిగినచోట చేత్తో తిప్పే డ్రిల్లుతో అర మిల్లీమీటరు రంధ్రం చేశాడు. అందులో సన్నటి ఇత్తడి తీగముక్క దించాడు, అది ఎముక. దానిచుట్టూ ఎం-సీల్ లాంటి రెండు ముద్దల ఎపాక్సీ కలిపి కండ పెట్టాడు. ముద్ద గట్టిపడేలోపు ఉన్న టైంలో కుట్టుసూదిని నీళ్లలో ముంచుతూ కణుపు గీశాడు, చివర ఒక నొక్కు నొక్కి గోరు చేశాడు. "కింద పెట్టనా గోరు, పాత జోకి ఉన్నట్టు?" అన్నాడు నవ్వుతూ. పైనే పెట్టమన్నాను. ఇప్పుడనిపిస్తోంది, కింద పెట్టమనాల్సింది.

మర్నాటికి అది రాయయింది. అదే ఛాయ అక్రిలిక్ రంగును ఒక్కసారిగా దట్టంగా పుయ్యకుండా మూడు పల్చటి పూతలు వేశాడు. రంగు కొత్త వేలు దాటి పాత ప్లాస్టిక్ మీదికి పోలేదు. పాత రంగు అరిగినచోట్ల దిద్దనన్నాడు. "అది మీరు ఆడిన గుర్తు. నేనెవర్ని చెరపడానికి?" ఈ విషయంలో అతనికి నియమాలున్నాయి. విరిగింది కడతాడు, అరిగింది వదిలేస్తాడు. పసుపుపచ్చ తిరిగిన తెల్ల బొమ్మలు తెస్తే మాత్రం గొణుగుతాడు. 1984 నాటి స్టార్మ్ షాడో అనే తెల్ల నింజా ఇందుకు పేరుమోసినవాడు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఏబీఎస్‌లోని రబ్బరు భాగాన్ని దెబ్బతీస్తాయి, తెలుపు కాస్తా పాతబడిన పేపరు రంగుకొస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి వెలుతురులో పెడితే తెల్లబడుతుంది. కానీ కొన్నాళ్లకు పసుపు మళ్లీ తిరగొచ్చు. ఆ పని ఇతను ఎంతో బతిమాలితే గానీ చేయడు. ఇదే వరసలో 1982 నాటి స్నేక్ ఐస్‌ని చూపించి మురిసిపోయాడు. ఖర్చు తగ్గించడానికి కంపెనీ వాడికి రంగే వేయలేదు, నిలువెల్లా నల్ల ప్లాస్టిక్. పిసినారితనంలో పుట్టినవాడు అందరికంటే నిగూఢమైన హీరోగా కూర్చున్నాడు.

బిగింపు చూడవలసిన ఘట్టం. కొక్కెం రెండు చెవులూ తొడల గుంటల్లో కూర్చోబెట్టి, పైన నడుము ముక్క పెట్టి, కొత్త రింగు తగిలించాడు. క్రోషా సూదితో రింగును పైకి లాగి గూటానికి వేశాడు. తలా చేతులూ వాటి గుంటల్లో పెట్టి వెనక చిప్ప మూశాడు. ఇక స్క్రూ. బిగించేముందు వెనక్కి, అంటే విప్పేవైపు, నెమ్మదిగా తిప్పాడు. ఒకచోట 'టిక్' మని చిన్నగా దిగింది. "పాత గాడి దొరికింది." అప్పుడు బిగించాడు. ముందే బిగించేస్తే స్క్రూ ప్లాస్టిక్‌లో కొత్త గాడి కోసుకుంటుంది. నాలుగుసార్లు అలా చేస్తే లోపల పట్టు పోయి గుల్లవుతుంది. చెయ్యి పైకెత్తి వదిలితే పడకుండా నిలిచేంతవరకే తిప్పి ఆపేశాడు. నేను ఆరో తరగతిలో చేసింది ఇంకో రెండు చుట్లు.

అతని గాజు బీరువా తలుపుకి ఎదురుగా ఉండదు, కిటికీకి అడ్డంగా పక్కగోడకు ఉంటుంది. లోపల సంక్రాంతి బొమ్మల కొలువులా మెట్లు. వెనకవాడి మొహం ముందువాడి భుజం పైనుంచి కనిపించాలి. కొలువులో మెట్లు బేసి సంఖ్యలో ఉంటాయి కదా, ఇక్కడా అయిదే. కావాలని చేశావా అనడిగితే వాళ్లావిడ పట్టుబట్టిందట. ప్రతి బొమ్మ పాదంలోనూ చిన్న రంధ్రం ఉంటుంది, మెట్టు మీది పుల్ల అందులో దూరుతుంది. సముద్రపు గాలికి కొక్కేలు తుప్పు పట్టకుండా మూలల్లో సిలికా జెల్ పొట్లాలు. అవి తడిసి రంగు మారితే పెనం మీద వేడిచేసి మళ్లీ పెడతాడు. మెత్తటి వినైల్ బెల్టులు, సంచులు బొమ్మ ఒంటికి తగలనివ్వడు. వాటిలోని నూనెలాంటి పదార్థం చెమర్చి, ఏళ్ల తరబడి ఆనుకుంటే గట్టి ప్లాస్టిక్‌ని తినేసి మచ్చ చేస్తుంది. బీరువా పూర్తిగా బిగించి మూయడు కూడా, ఆ ఆవిరి లోపలే తిరగకూడదని. తలుపుకి వేలు పట్టేంత సందు.

మూయడానికి ముందు చేసిన ఒక పని చెప్పడం మరిచాను. వెనక చిప్ప లోపలివైపు పెన్సిల్‌తో చిన్నక్షరాల్లో తేదీ వేసి 'రింగు, గూటం, బొటనవేలు' అని రాశాడు. వాచీ రిపేరువాళ్లు మూత లోపల గీసే గుర్తుల్లాగా. రేపు ఇంకెవరైనా విప్పితే ఏది పాతది, ఏది తను పెట్టింది తెలియాలట. పాత రబ్బరు పొడిని కూడా పారేయలేదు, చిన్న జిప్ కవర్లో వేసి, మెకానిక్కు పాత సామాను అప్పజెప్పినట్టు నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి సైనికుణ్ణి టీవీ పక్కన నిలబెట్టాను. అమ్మ వాడివైపు ఒక్కసారి చూసి, కవరు తీసుకుని వెలుతురుకేసి పట్టింది. జడ రబ్బరు కథంతా చెప్పాను.

"అప్పుడు నిన్నే అడిగాను," అంది. "తియ్యలేదన్నావు."